మైనస్ పద్దెనిమిదిలో అమ్మ మాట

నెలకోసారి సెలవు దొరికినప్పుడు చెల్లెలు అన్నయ్య ఇంటికి వచ్చేది. నేరుగా వంటింట్లోకి పోయి, ఫ్రీజర్ తలుపు మీది అంకె చూసేది. మైనస్ పద్దెనిమిది. అప్పుడు గానీ మంచినీళ్లు ముట్టేది కాదు.

లోపల బఠాణీల సంచి వెనక, అమ్మ ఆఖరి మాట ఉన్న స్టీలు డబ్బా ఉండేది. పోయేవాళ్ల నోటి దగ్గర డబ్బా పట్టి, చప్పున మూతపెట్టి, గడ్డకట్టించి దాచడం అన్ని ఇళ్లలోనూ ఉన్నదే. కరిగినప్పుడు ఒక్కసారే వినపడుతుంది. డబ్బా పట్టిన అన్నయ్యకీ అందులో ఏముందో తెలీదు. అది ఎవరికని అడిగితే అమ్మ చెల్లెలి ఫోటో వైపు చూసింది, అంతే.

మొగుణ్ణి వదిలేసి వచ్చిందని అమ్మ నాలుగేళ్లు ఆమెతో మాట్లాడలేదు. ఆ డబ్బా తెరవడానికి రెండేళ్లుగా చెల్లెలికి చేతులు రాలేదు. ఇప్పుడు మొగుడు మళ్లీ రమ్మంటున్నాడు. అమ్మ ఏమంటే అదే చేద్దామని ఆ రోజు గట్టిగా అనుకుని, అతనికీ ఆ మాటే చెప్పి వచ్చింది.

తలుపు తీస్తే బఠాణీల సంచి చేతికి మెత్తగా తగిలింది. అంకె మాత్రం మైనస్ పద్దెనిమిదే. వెంటనే పక్క వీధిలోని మెకానిక్‌ని పిలుచుకొచ్చింది.

ఆయన వైరు చివరి సెన్సర్‌ని బయటికి లాగి, ఫ్లాస్కులో తెచ్చిన ఐసునీళ్లలో ముంచి ఐదు నిమిషాలు చూశాడు.

"సున్నా చూపించాలమ్మా. ఇది మైనస్ పద్దెనిమిది దగ్గరే కూర్చుంది. లోపల బాగా చల్లగా ఉందనుకుని మిషను ఆగిపోయింది."

"నిన్న మధ్యాహ్నం లోపల ఏదో గొణుగుడు వినపడింది," అంది వదిన. "మిక్సీ వేసున్నాను."

"ఆపొచ్చుగా వదినా!"

"పిండి సగంలో ఉంది మరి."

డబ్బాలో నీళ్లు. అడుగున గోరంత ఐసుముక్క. చెల్లెలు దాన్ని అరచేతిలో పెట్టుకుంది. అది కరుగుతూ కరుగుతూ, అమ్మ గొంతుతో, "...వొద్దు" అంది.

"మొగుణ్ణి కాదనుకోవద్దు అనుంటుంది," అన్నాడు అన్నయ్య.

"మాటిమాటికీ ఇక్కడికి రావొద్దనేమో," అంది వదిన.

మెకానిక్ తల వంచుకుని వైరు చుట్టుకున్నాడు.

అంతలో మొగుడి ఫోన్. "ఏమందిట మీ అమ్మ?"

"నీ దగ్గరికి వెళ్లొద్దంది."

పోయినవాళ్ల ఆఖరి మాటకి ఎదురు చెప్పినవాళ్లు ఆ వైపు ఊళ్లలో ఎవరూ లేరు. అతనూ చెప్పలేదు. మళ్లీ ఎప్పుడూ పిలవలేదు.

బతికుండగా అమ్మ ఒక్కసారీ ఆమె పక్షాన మాట్లాడలేదు. పోయేముందు మాట్లాడిందో లేదో, అది మాత్రం ఆమెకి చివరిదాకా తెలియలేదు.