తలుపుకు పెట్టిన బొట్టు

కమలాపురం పక్క పల్లెలో ఫ్యాక్షన్ నాయకుడు రాజశేఖర్ ఇంటికి లారీలో కొత్త తలుపు వచ్చింది. తుపాకి గుండు దూరని ఇనుప తలుపు. ఎనిమిది మంది పట్టినా లేవలేదు. గొలుసులు కట్టి దింపారు.

గోడ కొట్టి దాన్ని నిలబెట్టే పనిని బేతంచెర్ల సుంకప్ప అడిగి మరీ తీసుకున్నాడు. అతని కొడుకు మునీంద్ర ఆ ఇంట్లో కాపలా. ఎవరొచ్చినా తలుపు తీసేది వాడే. పోయినేడు ఆ పని చేసిన ఓబుళేశు, పాత టేకు తలుపు తీసి గడప మీదే కాల్పుల్లో చనిపోయాడు.

మూడో రోజుకు తలుపు నిలిచింది. కంపెనీ మనిషి సుందరం దాని నడుమ ఉన్న మందపాటి గాజును తట్టి చూపాడు.

"దీనికీ గుండు దిగదు. మాట కూడా దూరదు, ఎవరని అరిచినా వినపడదు. ఇందులోంచి చూసే తెరవాలి. చూడకుండా తెరిస్తే తలుపున్నా లేకున్నా ఒకటే."

సుంకప్ప అందులోంచి చూశాడు. వీధి చివర మేక కూడా కనపడింది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

సుందరం వెళ్లాక రాజశేఖర్ భార్య రామసుబ్బమ్మ కొత్త తలుపుకు పూజ చేసింది. నూనెలో కలిపిన కుంకుమను బయటి వైపు, గాజు మీదనే అరచేయంత పూసింది.

"పక్కన పెట్టమ్మా," అన్నాడు సుంకప్ప. "ఆడ పెడితే మనిషి కనపడడు."

"బొట్టు నడుమ పెట్టక చెవికి పెడతారా ఏమప్పా? ఒంటికన్నేసుకోని వీధిలోకి చూస్తాండాది. అరిష్టం."

"వచ్చినోడెవడో మావోనికెట్ల తెలుస్తాది?"

"తెరిచి చూస్తాడు. వాడుండేది దేనికి మరి?"

సుంకప్ప తుండుగుడ్డతో గాజు తుడిచేశాడు.

"నా బొట్టే తుడిచినట్టు తుడిచినావు కదరా ముసిలోడా!" అని ఆమె నెత్తి కొట్టుకుంది.

వరండాలో కూర్చున్న రాజశేఖర్ గొంతు పెంచలేదు. "పనైపాయ కదా. ఇంక పో సుంకప్పా."

రామసుబ్బమ్మ కుంకుమ గిన్నెను మునీంద్ర చేతికిచ్చింది. "మీ నాయన తుడిచింది నువ్వే పెట్టు."

మునీంద్ర మూడు వేళ్లు ముంచి గాజంతా పూశాడు.

"ఊరికి పోదాం రారా," అన్నాడు సుంకప్ప. "నాపరాళ్లకు పాలిష్ పట్టుకోని బతుకుదాం."

"ఊరుకో నాయనా. తలుపు తీసేదానికి జడిసి పారిపాయ అనిపించుకోమంటావా?"

సుంకప్ప సుత్తి, తాపీ సంచిలో వేసుకుని వీధిలోకి నడిచాడు. వెనక తలుపు మూసుకుంది. పది అడుగులు వేసి, తిరిగొచ్చి, దాన్ని తట్టాడు.

తలుపు పూర్తిగా తెరుచుకుంది. మునీంద్ర ఎదురు రొమ్ముతో నిలబడి ఉన్నాడు.

"ఏం నాయనా, ఏమన్నా మరిచిపోయినావా?"

"లేదు," అన్నాడు సుంకప్ప.