నేలను తాకినది

"కింద పడినదాన్ని ముట్టకు. అది వీరుడిది."

కాపురానికి వచ్చిన రోజు అత్త తిమో, కొత్త కోడలు ఫిలిన్నతో అన్న మొదటి మాట అది. కాళ్ళు కడుక్కో అనలేదు. ఏమన్నా తిన్నావా అనలేదు. బల్ల కింద పడిన బార్లీ రొట్టె ముక్క కోసం ఫిలిన్న వంగింది, అంతే. పుట్టింట్లో అయితే పడిన ముక్కను ఊదుకుని తినేవాళ్ళు. ఈ ఇంటికి మాత్రం ఒక వీరుడున్నాడు. భర్త దామోన్‌కి ఎన్ని తరాల వెనకటి తాతో, పేరు ఓనేతోర్. ఏడుగురు సేనానులు గ్రీకు సీమలోని తీబ్స్ కోట మీదికి దండెత్తి వచ్చినప్పుడు కోటవాకిలి దగ్గర నిలబడి పోరాడి చచ్చాడట. సరస్సు వైపు పొలం గట్టున అతని సమాధి దిబ్బ ఉంది. కొండ మీది దేవుళ్ళకు కాలిన కొవ్వు పొగ చాలు. మట్టి కింది వీరులకు పొగ చాలదు, వాళ్ళకు ఆకలేస్తుంది. అందుకే బల్ల మీది నుంచి ఏది నేలను తాకినా అది వాళ్ళదే.

"చెయ్యి తగిలి పడినా, కావాలని పడేసినా అంతేనా అత్తా?"

"నేలను తాకాక పడిందా, పెట్టిందా అని ఎవరూ అడగరు. ఊడ్చి, గుడ్డలో కట్టి, దిబ్బ మీద పెట్టి రా. అక్కడ మాత్రం నోరెత్తకు. వీరుడి దగ్గర గొంతు లేపినవాళ్ళకు కళ్ళు పోతాయి."

ఆ పూట నుంచి ఊడ్పు ఫిలిన్నదైంది. తిరగలి ఆమెదే, మగ్గం ఆమెదే, మేకలు ఆమెవే. వాటిని పని అని ఎవరూ అనలేదు. "పొద్దస్తమానం ఇంట్లోనేగా ఉంటావు" అనేవాడు దామోన్. మగవాళ్ళు తిన్నాక అత్త తినేది, అత్త తిన్నాక ఫిలిన్నకు కుండ అడుగు మిగిలేది. దామోన్ చేతి జిడ్డును రొట్టె మెత్తటి భాగంతో తుడుచుకుని నేల మీదికి విసిరేవాడు. ఆ ముక్కతో పాటే పెళ్ళాం కళ్ళు కిందికి దిగుతాయని అతనెన్నడూ చూడలేదు. చూసేవాడైతే విసిరేవాడు కాదేమో. కాదు, అప్పుడూ విసిరేవాడే.

మొదటి కడుపుతో ఉన్నప్పుడు ఆకలి ఆమెను కుక్కలా తరిమింది. ఒక మధ్యాహ్నం దిబ్బ మీద మూట విప్పి, జున్నుగడ్డ అంచు ఒకటి, ఆలివ్ పండు ఒకటి, రొట్టె చెక్కు ఒకటి రాతి మీద పరిచింది. ఎప్పటిలా చీమలు వచ్చాయి. చీమలకు పెట్టడానికి ఇంత దూరం నడిచానా అనుకుంది. రొట్టె చెక్కు నోట్లో వేసుకుంది. కళ్ళు పోతాయేమోనని గట్టిగా మూసుకుంది. తెరిస్తే ఎర్రటి గసగసాల పూలు అలాగే ఊగుతున్నాయి, సరస్సు అలాగే మెరుస్తోంది. ఆలివ్ పండు కూడా తినేసింది.

అప్పటి నుంచి వీరుడి భోజనం ఆమే చేస్తోంది.

ఆ కడుపున ఆడపిల్ల పుట్టింది. మగపిల్లవాడైతే గుమ్మానికి ఆలివ్ కొమ్మ కడతారు, ఆడపిల్లయినా పెంచుకునే ఇల్లయితే ఉన్ని కడతారు. ఈ గుమ్మానికి ఏదీ కట్టలేదు. ఫిలిన్న జ్వరంలో ఉంది. తేరుకునేసరికి పక్కలో బిడ్డ లేదు, వంటింటి గోడవార ఉండాల్సిన పెద్ద మూతి కుండ లేదు.

"ఎవరో ఎత్తుకుంటార్లే" అన్నాడు దామోన్, చెప్పు తోలు బిగించుకుంటూ. "దారి పక్కనే పెట్టాను."

ఆ తరవాత అత్త మగ్గం దగ్గర పాడే పాటలు ఆమెకు వేరేగా వినపడటం మొదలుపెట్టాయి. పాటల్లో అన్నీ పారేసిన బిడ్డలే. దేవుడికి పుట్టిన బిడ్డను తాత కొండల్లో పారేస్తాడు. మేక పాలు ఇస్తుంది, గుర్రం పాలు ఇస్తుంది, ఎలుగుబంటి కూడా పాలు ఇస్తుంది. బిడ్డ పెరుగుతాడు, రాక్షసుణ్ణి చంపుతాడు, రాజవుతాడు. అత్త గొంతు తీయగా ఉండేది. తన కోడలి బిడ్డ ఏ మేక కిందో ఉందని ఆమె నిజంగానే నమ్మిందేమో. నమ్మకపోతే అలా పాడటం ఎవరివల్ల అవుతుంది?

"మరి తల్లి ఏమైందత్తా?" అని ఒకసారి అడిగింది ఫిలిన్న.

"ఏ తల్లి?"

"బిడ్డను కన్నది."

"పాటకు తల్లితో ఏం పనే? పోగు తెగింది, ముడెయ్."

రెండో కడుపు నిలిచింది. నెలలు నిండేకొద్దీ ఆమెకు నిద్ర ఎక్కువైంది. దిబ్బ వెచ్చగా ఉండేది. తిని, రాతికి వీపు ఆనించి కూర్చుంటే రెల్లు పొదల్లో గాలి ఎవరో ఊపిరి తీస్తున్నట్టు వినిపించేది. ఒక మధ్యాహ్నం అలాగే కన్నంటుకుంది. మట్టిలోంచి వీరుడు లేచి వచ్చాడు. పాటల్లో వాళ్ళలా లేడు. డాలు లేదు, శిరస్త్రాణం లేదు. బక్కపలచగా, తెల్లగా, కట్టెలు మోసి అలిసిన మనిషిలా ఉన్నాడు. ఆమెకు సిగ్గేసింది. నీ తిండి నేనే తింటున్నాను అని చెప్పబోయింది. దిబ్బ దగ్గర నోరెత్తకూడదు కదా, మాట రాలేదు. అతను పక్కన కూర్చుని చాలాసేపు సరస్సు వైపు చూశాడు. తరవాత అడిగాడు, "తిన్నావా?"

మెలకువ వచ్చేసరికి చెంపలు తడిగా ఉన్నాయి. పెళ్ళయ్యాక ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. చచ్చినవాడు అడిగాడు.

మళ్ళీ ఆడపిల్లే పుట్టింది.

ఈసారి జ్వరం రాలేదు. పాలు పొంగుతుంటే పగలూ రాత్రీ కలిసిపోయిన మత్తులో పడుకుని, బిడ్డ వేళ్ళు తన రొమ్ము మీద తెరుచుకోవడం, మూసుకోవడం చూస్తూ ఉండేది. ఒక్కోసారి ఆ చిన్న ముఖం దిబ్బ మీది మనిషి ముఖంలా కనిపించేది. గుమ్మానికి మాత్రం కొమ్మా లేదు, ఉన్నీ లేదు.

బిడ్డను పెంచుకునేటట్టయితే తండ్రి ఎత్తుకుని పొయ్యి చుట్టూ తిప్పే రోజు వచ్చింది. పొద్దున్నే ఫిలిన్నకు స్నానం చేయించి మైల తీర్చారు. దామోన్ పెదనాన్న మెలాస్ సరస్సులో పట్టిన మలుగు చేపలు తెచ్చాడు. ఇంటికి పెద్ద ఆయనే. ఆయన వచ్చాడంటే బిడ్డను పెంచుకుంటారేమోనని ఫిలిన్నకు ఒక్క క్షణం ప్రాణం లేచి వచ్చింది. అంతలో తలుపు వార కొత్త కుండ కనపడింది. లోపల ఉన్ని పరిచి ఉంది. అత్త చేతి పనే. మెత్తటి ఉన్ని, ఏరి ఏరి పరిచింది.

"బువ్వ తిన్నాక వెళ్ళొస్తాలే" అన్నాడు దామోన్ తల్లితో.

"ఎండ ముదరకముందే వెళ్ళు నాయనా."

"ఆడపిల్లంటే ఎదుటివాడి పొలానికి నీళ్ళు కట్టడమేరా" అన్నాడు మెలాస్, చేప ముల్లు తీసుకుంటూ. "ఏమ్మా ఫిలిన్నా, చేపలో ఉప్పు తగ్గింది."

ఆమె ఉప్పు తెచ్చిపెట్టింది. ముసలాయన ఎప్పటి కథే ఎత్తుకున్నాడు. సరస్సు గట్టు పొలం తమదని పక్క ఊరివాళ్ళు గొడవకు వచ్చినప్పుడు పంచాయితీలో వాళ్ళ నోరు మూయించింది ఓనేతోర్ దిబ్బేనట. "మన వీరుడు అక్కడ తింటున్నాడు, అందుకే ఆ నేల మనది. ఆయన వాటా ఒక్క పూట ఆగిందంటే, వాళ్ళు ఆ పూటే గట్టు దాటతారు" అంటూ రొట్టె ముక్క ఒకటి భక్తిగా నేల మీద పడేశాడు.

ఫిలిన్న ఆ ముక్కను చూసింది. ఎప్పుడూ చూసినట్టే చూసింది. తరవాత లోపలికి వెళ్ళి బిడ్డను తెచ్చి, బల్ల కింద, ఆ రొట్టె ముక్క పక్కన, చేప ముళ్ళ మధ్య, మట్టి నేల మీద పడుకోబెట్టింది.

"ఏంటే అది?" అని దామోన్ వంగి చెయ్యి చాపాడు.

"ముట్టకు" అంది ఫిలిన్న. "నేలను తాకింది. అది వీరుడిది."

బల్ల చుట్టూ నమలడం ఆగిపోయింది. ముందు తేరుకున్నది అత్తే.

"వేషాలెయ్యకే! పడిందా అది? నువ్వేగా పెట్టావు!"

"పడిందా, పెట్టిందా అని ఎవరూ అడగరని నువ్వే చెప్పావత్తా. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజున."

"ఒరే, ఎత్తరా దాన్ని!"

దామోన్ చెయ్యి బిడ్డకు జానెడు దూరంలో ఆగింది. అతను పెదనాన్న వైపు చూశాడు. ముసలాయన ముఖం బూడిదరంగుకు తిరిగింది. కోపం రాలేదు, భయం వచ్చింది.

"చెయ్యి తియ్యి" అన్నాడు మెలాస్ మెల్లగా. "ఆయన నోటి కాడిది లాక్కుని కుండలో పెట్టి పారేశామని ఊళ్ళో పొక్కిందంటే ఇంకేమన్నా ఉందా? పొలం పోతుంది. కళ్ళు పోతాయి." ఫిలిన్న వైపు తిరిగాడు. ఆమె ముఖం ఆయన చూడటం అదే మొదటిసారి. "దిబ్బకు చేరాల్సిందే. ఎవరు తీసుకెళ్తారు?"

"రోజూ ఎవరు తీసుకెళ్తున్నారు మామా?"

ఆమె చీపురు తెచ్చింది. ముళ్ళు, తొక్కలు, రొట్టె ముక్కలు తొందర లేకుండా ఊడ్చి గుడ్డలో కట్టింది. బిడ్డను ఎత్తుకుంది. తలుపు వార ఉన్న కుండను కూడా చంకన పెట్టుకుంది.

"అదెందుకే?" అంది అత్త.

"నీళ్ళకు. అక్కడ కావాలి." గడప మీద ఆగింది. "రేపటి నుంచి ఊడ్చి తెచ్చేది నువ్వేనత్తా. వీరుడికి లోటు చెయ్యకు. ఆకలి మీద ఉన్నాడు."

దిబ్బ మీద గసగసాలు కాయలు కట్టాయి. ఫిలిన్న రాతికి వీపు ఆనించి కూర్చుని బిడ్డకు పాలు పట్టింది. ఇంకో చేత్తో మూట విప్పింది. పెదమామ భక్తిగా పడేసిన ముక్క ఇంకా మెత్తగానే ఉంది. చలి రోజుల్లో తల మీద కప్పు కావాలి. రెల్లు బోలెడంత ఉంది, కోసుకోవచ్చు. బిడ్డకు పేరు కావాలి. ఈ పాటలో తల్లి ఉంటుంది అనుకుంది, నిద్రలో అనుకున్నట్టు.

గట్టు మీద అలికిడైంది. దామోన్ వచ్చి పొలం అంచున నిలబడ్డాడు. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. చాలా మాటలు మోసుకొచ్చినట్టున్నాడు. నోరు తెరిచాడు. దిబ్బ వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు, సరస్సులోంచి పట్టి గట్టున వేసిన చేపలా.

ఫిలిన్న అతన్నే చూస్తూ ఆ ముక్కను నిదానంగా నమిలింది. వీరుడి భోజనం ఆ రోజు చాలాసేపు సాగింది.