చివరి బొట్టు

చెవి చల్లగా ఉంది.

పొద్దున్నే కొట్టంలోకి వచ్చి ఎర్రావు చెవి పట్టుకున్న కోడలికి ఆ చలి మోచేతి దాకా పాకింది. తడిగుడ్డ పట్టుకున్నట్టు ఉంది. రెండో చెవి పట్టుకు చూసింది. అదీ అంతే.

నిన్న మధ్యాహ్నమే ఈనింది ఎర్రావు. మూడో ఈత. పెయ్యదూడ. అది అప్పుడే కొట్టమంతా తనదే అన్నట్టు గెంతుతోంది.

తల్లి మాత్రం లేవడం లేదు. మెడ పక్కకి తిప్పి, మూతి డొక్కలో దాచుకుని... ముట్టె పొడిబారింది. నెమరు లేదు. పిలిస్తే కన్ను తిరగదు.

కోడలు ఈ ఇంట్లో అడుగుపెట్టిన ఏడాదే పుట్టిందీ ఆవు. అత్తగారి నోటికి జడిసిన రోజుల్లో ఆమె కష్టం సుఖం చెప్పుకున్నది దీనితోనే. ఇది పోతే ఎవరితో చెప్పుకోవాలి?

పశువుల డాక్టరమ్మ వచ్చింది. రబ్బరు బూట్లు, నిద్ర చాలని కళ్లు, తొందర లేని చేతులు. ముందు చిన్న గొట్టంలోకి నెత్తురు తీసి జేబులో పెట్టుకుంది.

"నిన్న ఎంత పిండావమ్మా?"

"మొత్తం," అంది కోడలు. గర్వంగా మొదలుపెట్టిన మాట నేలచూపుల్లో ముగిసింది.

నిజమే మరి. అంత పొదుగు చూసి ఆమె ఉబ్బితబ్బిబ్బయింది. పిండితే పొదుగు ఖాళీ సంచి కావాలి, చివరి బొట్టు కూడా మిగలకూడదు — అది ఆ ఇంటి పంతం. అత్తగారు నేర్పిన పంతం.

"పాలతో పాటు ఒంట్లో సున్నం, అదే కాల్షియం, కూడా పోతుంది. ఎముకల్లో బోలెడుంది, కానీ అది నెత్తురులోకి దిగాలంటే రెండు మూడు రోజులు పడుతుంది. నువ్వేమో ఒక్క పూటలో ఊడ్చేశావు. పాలజ్వరం అంటారు దీన్ని. జ్వరం మాత్రం ఉండదు, ఒళ్లు చల్లబడుతుంది."

"ఆ పేరు పెట్టినవాడెవడో చెవి పట్టుకు చూసుండడు," అంది అత్తగారు. అంత దిగుల్లోనూ ఆవిడ నోరు ఊరుకోదు.

వేణ్ణీళ్లలో కాల్షియం సీసా వెచ్చబడింది. మెడ నరంలో సూది దిగింది. డాక్టరమ్మ ఒక చేత్తో సీసా ఎత్తి, రెండో చేత్తో ఆవు గుండె మీద స్టెతస్కోపు ఆనించింది.

సీసాలో ఒక బుడగ లేచింది. ఆగి... ఇంకొకటి.

"కాస్త తొందరగా పోనివ్వకూడదా తల్లీ?"

"తొందరపడితే గుండె ఆగిపోతుంది పెద్దమ్మా."

అత్తగారు ఎవరినీ తొందరపెట్టకుండా గోడకి ఆనుకుని నిలబడింది. కోడలు ఈ ఇంటికొచ్చాక ఇదే మొదటిసారి.

బుడగ... బుడగ... ముగ్గురు ఆడవాళ్లూ వాటినే చూశారు.

ముందు తొడ వణికింది. తర్వాత డొక్క వణికింది. ముట్టె మీద సన్నగా చెమట పొటమరించింది. ఎర్రావు పెద్దగా త్రేన్చింది — విందు భోజనం చేసిన పెద్దమనిషిలా! ఆపైన పేడ వేసింది. పేడ చూసి ఇంత సంబరపడ్డ ఇల్లు ఇంకోటి ఉండదేమో.

వెనక కాళ్లు లేచాయి. ముందు మోకాళ్లు తడబడ్డాయి. ఒక్క ఊపు... లేచింది!

దూడ పొదుగు కిందికి దూరింది. అత్తగారు కోడల్ని వాటేసుకుంది. ఇద్దరికీ అలవాటు లేని పని. ఎవరి చేతులు ఎక్కడుండాలో తెలియక, నవ్వొచ్చి, నవ్వలేక ఏడ్చారు. ఎంత హాయిగా ఏడ్చారో!

సాయంత్రం డాక్టరమ్మ ఫోన్ చేసింది. నెత్తురులో కాల్షియం ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదట. ఈ రెండు మూడు రోజులు దూడకి సరిపడా పిండితే చాలట.

కోడలు పొదుగు ముందు కూర్చుంది. ఎర్రావు పాలు చేపింది. ధార... ధార... చేతులకి ఆపడం తెలియదు. అయినా ఆపింది. పొదుగు ఇంకా బరువుగానే ఉంది.

"ఇంకో నాలుగు ధారలు..." అంటూ వంగిన అత్తగారు నాలిక కరుచుకుంది. "వద్దులే అమ్మాయ్. దాని దగ్గరే ఉండనీ."

చన్ను కొసన ఒక బొట్టు నిలిచింది. ఇప్పుడో ఇంకాసేపటికో పడేలా ఉంది... ఇద్దరూ చేతులు కట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నారు.