మైనం గట్టిపడేలోగా

నేను ఒక వీణ కడుపులోంచి తొలిచి పారేసిన పనస చెక్క ముక్కను. బొబ్బిలి దగ్గర మా ఊళ్లో వీణ మొత్తాన్ని ఒకే దుంగలోంచి చెక్కుతారు. ఊడిపడిన ముక్కలన్నీ పొయ్యిలోకి పోతాయి. నన్ను మాత్రం వీణలు చేసే సన్యాసిరావు నున్నగా చిత్రిక పట్టి, బొటనవేలు దూరేటంత చిల్లు పెట్టి, బొమ్మలు వేసుకునే కూతురు పైడితల్లికిచ్చాడు. అలా రంగులు కలిపే పలకనయ్యాను. నా తోబుట్టువైన ఆ వీణ కచేరీలకు వెళ్లింది. కుళ్లుకోలేదంటే అబద్ధమే.

పైడితల్లికి స్వరం వింటే రంగు కనబడుతుంది. షడ్జమం ఎండిన వరిగడ్డి రంగు, పంచమం నిండు నేరేడు. పై స్థాయికి వెళితే అదే రంగు పలచబడుతుంది. చిన్నప్పుడు ఈ మాట చెబితే తండ్రి పకపకా నవ్వాడు.

"పాటని ఇంటారు గానీ సూత్తారేటే, పిచ్చిదానా!"

పెద్దయ్యాక ఆమె విన్న రాగాలనే బొమ్మలుగా వేసింది. విశాఖపట్నంలో ప్రదర్శన పెడితే ఒక పెద్దమనిషి 'వీణ మీద మోహన' ముందు చాలాసేపు నిలబడి, "ఇందులో వీణేదమ్మా?" అన్నాడు. తమకు కనబడనిది లేనే లేదనుకోవడం మనుషులకు వెన్నతో పెట్టిన విద్య.

వీణకు ప్రాణం మెట్లలో ఉంది. మెట్లను పట్టి నిలిపే మైనం వేడి మీద ఉండగానే తీగ మీటుతూ, ఇత్తడి మెట్టును వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి స్వరం పట్టాలి. ఆ ఏడు సన్యాసిరావు చేసిన వీణలు మూడు తిరిగొచ్చాయి, అపస్వరం పలుకుతున్నాయని. ఆయన తీగను తిట్టాడు, ఎండను తిట్టాడు, మైనాన్నీ తిట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని నేను నవ్వుకున్నాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

నాలుగో వీణకు మెట్లు పెడుతుండగా పైడితల్లి వచ్చి పక్కన కూర్చుంది.

"నాన్నా, రిషభం కాడ బురద రంగొత్తంది."

ఆయన చేయి ఆగిపోయింది. తీగ వదిలి, "నాకా తేడా ఇనబడట్నేదమ్మా," అన్నాడు. అప్పటిదాకా ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మెట్టు పెట్టడం చేతకాకపోతే ఇక తాను ఎవరో ఆయనకే తెలియదు.

పైడితల్లి లేచింది. ఆయన మంచి రోజుల్లో చేసిన పాత వీణను గోడ మీంచి దించి, రెండింటినీ ఒకే శ్రుతికి బిగించింది. పాతదాని ఒక్కో మెట్టూ మీటి, కనబడిన రంగును నా అంచున పెట్టింది. అంచంతా ఇరవై నాలుగు చుక్కలు నిండాయి. తర్వాత ఆయన కొత్త వీణ మీద మైనం వేడిచేసి మీటాడు. ఆమె వచ్చిన రంగును నా నడుమ కలిపింది. అది అంచు రంగుతో కలవకపోతే ఆయన మెట్టు జరుపుతాడు. కలిస్తే చేయి తీస్తాడు. మైనం గట్టిపడేలోగా ఒక్కో మెట్టుకూ ఇదే పరుగు.

చివరి మెట్టు మీటాడు. కుంచె కదల్లేదు. ఆమె కళ్లు నిండిపోయాయి.

"ఏటమ్మా, తప్పిందా?"

ఆమె తల అడ్డంగా ఊపి, పలచని వరిగడ్డి రంగు ఒక్క చుక్క పెట్టింది. అది అంచు చుక్క పక్కన వేరుగా కనబడలేదు. ముసలాయన నన్ను కళ్లకు దగ్గరగా పట్టుకుని చూశాడు.

"సిన్నప్పట్నించీ నువ్వు సూసింది ఇదేటమ్మా?" అన్నాడు.

ఆ వీణ తిరిగి రాలేదు. నన్నెవరూ కడగలేదు. ఇప్పటికీ మైనం కరిగించే ముందు కూతుర్ని కేకేసి, మేకు మీంచి నన్ను దించి ఒళ్లో పెట్టుకుంటాడు. పొయ్యిలోకి పోవలసిన ముక్కను నేను.