గుమ్మడికాయ కొట్టాక మిగిలిన సీను

నేను ఒక చెయ్యిని. కుడిచెయ్యిని. మణికట్టు నుంచి వేలి కొసల దాకా పదకొండు అడుగులు ఉంటాను. అదైనా రేపు పొద్దున తొమ్మిది గంటల దాకానే. ఆ తరవాత ఈ పాత సామాన్ల యార్డులోకి గ్యాస్ కట్టరు పట్టుకుని ఒక మనిషి వస్తాడు. ముందు వేళ్ళు కోస్తాడు, తరవాత అరచెయ్యి. అందుకని చెప్పేదేదో ఇవాళే చెప్పేస్తాను, కాస్త ఓపిక పట్టి వినండి.

చెయ్యి ఉంటే ఒళ్ళేదని అడుగుతారు. ఒళ్ళు లేదు. ఎప్పుడూ లేదు. సినిమా పోస్టర్ల మీద నాకు నూరడుగుల ఒళ్ళు, ఎర్రటి కళ్ళు, ఛాతీలో నిప్పుల కొలిమి ఉంటాయి. అవన్నీ కంప్యూటర్లో పుట్టాయి. ఇనుముతో, మనిషి చెమటతో పుట్టింది నేనొక్కదాన్నే. బాలానగర్లో ఒక రేకుల షెడ్డులో ఎల్లేశం అనే ఆయన రెండు నెలలు కష్టపడి నన్ను చేశాడు. వెనకనుంచి ఐదుగురు మనుషులు తీగలు లాగితే నా వేళ్ళు తెరుచుకుంటాయి, వదిలితే వాటి బరువుకవే మూసుకుంటాయి. ఎల్లేశానికి ఒక అలవాటుంది. ఏ అతుకు వేసినా, వెల్డింగు రాడ్డు ఎత్తేముందు కొసని చిన్నగా వెనక్కి తిప్పి కొక్కెంలా ఆపుతాడు. నా అరచేతి మధ్యలో అలాంటి అతుకు జానెడు పొడుగున ఉంది. నా కథంతా ఆ జానెడులోనే ఉంది.

'ఉక్కు బేతాళుడు' అని ఒక సినిమా వచ్చింది. అందులో ఒకటే యంత్రం, జనం విరగబడి చూశారు. రెండో భాగంలో యంత్రాలు రెండయ్యాయి. మూడోదాంట్లో ఎన్నున్నాయో తీసినవాళ్ళకే తెలియలేదు. ఏ ఇనుము ఏ ఇనుమును కొడుతోందో అర్థంకాక జనం సగంలో లేచి వెళ్ళిపోయారు. పదేళ్ళు ఊరుకుని, మళ్ళీ మొదటినుంచి మొదలుపెడదామని నిర్మాత పట్టాభి గారు కోదండం అనే డైరెక్టరుని పిలిచారు. కోదండం మంచివాడే. ఈసారి ఒక్క యంత్రం, ఒక్క మనిషి, ఆ మనిషి ముట్టుకుంటే యంత్రం ఆగాలి, అంతే కథ అని ఒట్టేసినంత పని చేశాడు.

ఆ మనిషి పేరు కథలో పైడితల్లి. పాత ఓడలు విడగొట్టే యార్డులో పని చేసే వెల్డరు భార్య. మొగుడు అక్కడే ప్రమాదంలో పోతాడు. ఆ యార్డు ఇనుముతోనే ఎవరో దుర్మార్గుడు బేతాళుణ్ణి తయారుచేస్తాడు. బేతాళుడు ఊరి మీద పడి, పైడితల్లిని అరచేతిలోకి ఎత్తుకుని నలిపెయ్యబోతాడు. అప్పుడావిడ ఆ అరచేతిలో కొక్కెంలా తిరిగిన అతుకు చూస్తుంది. తన మొగుడి చేతి అతుకు. పారిపోకుండా దాన్ని తడుముతుంది. వేళ్ళు ఆగిపోతాయి. కోదండం షెడ్డుకి వచ్చి ఎల్లేశం అలవాటు చూశాకే ఈ సీను రాసుకున్నాడు. నన్ను చేయించింది కూడా ఈ ఒక్క సీను కోసమే. మిగతా అన్నిచోట్లా కంప్యూటరు చెయ్యే.

పైడితల్లి వేషానికి వనజాక్షిని తీసుకున్నారు. కాకినాడ నాటకాల్లో పేరు తెచ్చుకున్న మనిషి. సినిమాల్లోకి వచ్చి ఇరవై రెండేళ్ళయినా ఆవిడ పేరు ఎవరికీ తెలియదు. ఆసుపత్రి వరండాలో ఏడ్చే ఆవిడ, పెళ్ళిలో పళ్ళెం పట్టుకునే ఆవిడ, అంతే. ఈ సినిమాలో పదకొండు సీన్లు అనేసరికి ఆవిడ కాళ్ళు నేల మీద నిలవలేదు. షెడ్డుకి వచ్చి ఎల్లేశం దగ్గర వెల్డింగు నేర్చుకుంది. ముంజేతుల మీద నిప్పురవ్వల మచ్చలు పడితే మేకప్పు వాళ్ళతో చెప్పి కప్పించుకోలేదు. ఉండనివ్వమంది.

ఇక ఆ పదకొండు సీన్ల సంగతి. పెద్దమనుషులు నా పక్కనే కుర్చీలు వేసుకుని మాట్లాడుకునేవారు. నాకు చెవులు లేవని వాళ్ళ ధైర్యం.

"ఏవండీ కోదండం గారూ, జనం వచ్చేది బేతాళుణ్ణి చూడ్డానికా, వెల్డరు పెళ్ళాన్ని చూడ్డానికా?" అన్నారు పట్టాభి గారు.

"ఆవిడ లేకపోతే బేతాళుడు ఉత్త ఇనుమండీ."

"ఆ ఇనుమే కదండీ మనం చూపించేది. ఇంకో రెండు బేతాళుల్ని దింపండి. ఆవిణ్ణి కాస్త తగ్గించండి."

యంత్రాలు మూడయ్యాయి. పదకొండు సీన్లు ఏడయ్యాయి. హీరోగారు తనకీ ఒక యంత్రం కావాలని పట్టుబట్టారు. ఏడు నాలుగైంది. చివరికి యంత్రాలు ఏడు, వనజాక్షికి సీను ఒకటి. కత్తెర పడినప్పుడల్లా కోదండం ఆవిడ దగ్గరికి వచ్చి, మన అసలు సీను ఉందిగా, దాన్ని ముట్టుకోనివ్వను అనేవాడు. ఆవిడ అలాగేనండీ అని తల ఊపేది. అతను వెళ్ళాక నా బొటనవేలికి ఆనుకుని కళ్ళు తుడుచుకునేది. నాకు మాత్రం భయంగానే ఉండేది. మా ఇద్దరికీ ఉన్నది ఆ ఒక్క సీనే.

ఆఖరి రోజు రానే వచ్చింది. పొద్దున్నే మా సీను తియ్యాలి. హీరోగారి పోరాటం సాగీ సాగీ పదకొండయింది. పట్టాభి గారు పంచాంగం పట్టుకుని ఒంటికాలి మీద లేచారు. మర్నాటి నుంచి మూఢం, పదకొండు ముప్పావులోపు గుమ్మడికాయ కొట్టి తీరాలన్నారు. సినిమావాళ్ళకి ఇది తెలిసిన సంగతే. షూటింగు పూర్తయితే గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, కెమెరాకి దిష్టి తీసి పగలగొడతారు. అది పగిలిందంటే ఆ సినిమా పని అయిపోయినట్టే.

"సీను మిగిలిపోయిందండీ," అన్నాడు కోదండం.

"తినొచ్చాక తీసుకోండి, ఎవరొద్దన్నారు? ముహూర్తం మన కోసం ఆగదుగా."

కాయ కొట్టేశారు. ఎల్లేశం నా చుట్టూ కూడా కర్పూరం తిప్పాడు. అందరూ చప్పట్లు కొట్టి, పందిట్లో వడ్డిస్తున్న విందుకి వెళ్ళారు. వనజాక్షి మేకప్పు వేసుకోవడానికి వెళ్ళింది. ఇంతలో సెట్టు విప్పే మనుషులు లోపలికి వచ్చారు. గుమ్మడికాయ పగిలింది, ఇక ఎవరి మాట కోసం ఎదురుచూడాలి? వేలాడేవి ముందు విప్పాలన్న పద్ధతి ప్రకారం నా తీగలన్నీ ఊడదీసి, చుట్టలు చుట్టి, వ్యానులో వేసి శంషాబాద్ గోడౌనుకి పంపించేశారు. నా నాలుగు వేళ్ళూ అరచేతి మీదకి కూలబడ్డాయి.

కోదండం తిరిగి వచ్చి చూసేసరికి నేను పిడికిలి బిగించుకుని ఉన్నాను. సెట్టు విప్పే మేస్త్రీ మీద విరుచుకుపడ్డాడు.

"గుమ్మడికాయ కొట్టినంక గుడ షూటింగ్ ఉంటదని మాకెవరు జెప్పిన్రు సార్?" అన్నాడు మేస్త్రీ. అదీ నిజమే. ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం ఆరింటికి స్టూడియో ఫ్లోరు ఇంకో కంపెనీకి అప్పగించాలి. శంషాబాద్ వెళ్ళి తీగలు తెచ్చి బిగించే వ్యవధి లేదు. పట్టాభి గారు చెయ్యి ఊపేశారు. కంప్యూటర్లో చేయించేద్దాం, లేదా తీసేద్దాం, గుమ్మడికాయ కొట్టేశాక ఇంత హైరానా ఎందుకన్నారు. కోదండం నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాడు గానీ అతని గొంతులో అప్పటికే పస పోయింది. వనజాక్షి నేతచీరలో, నుదుట మసితో వచ్చి నిలబడింది. జరిగిందంతా వింది. నా మూసుకున్న వేళ్ళ సందులోంచి అరచేతిలోకి చెయ్యి దూర్చి అతుకు కోసం వెతికింది. అందలేదు.

"ఎల్లేశం గారూ," అంది, "నాకు ఇదొక్కటేనండీ. ఇది పోతే నేనీ సినిమాలో లేనట్టే. ఏవైనా చెయ్యగలరా?"

ఎల్లేశం అన్నం చేత్తోనే వచ్చాడు. కడుక్కుని చొక్కా విప్పాడు. "తీగలు లేకుంటే తాళ్ళు కడ్త. జర టైమియ్యిండ్రి," అన్నాడు.

తాళ్ళు మూడు వేళ్ళకే పట్టాయి. నడిమివేలికి తాడు తగిలించే కొక్కెం తీగతో పాటే వ్యానులో వెళ్ళిపోయింది. ఆ వేలు బరువు మణుగులకి మణుగులు. ఎల్లేశం నా మణికట్టు బోలులోకి దూరి, లోపల ఉన్న వేలి కాడని రెండు చేతులతో పట్టుకున్నాడు. వేళ్ళు దించడం తేలిక, బరువు దానంతటదే దిగుతుంది. మధ్యలో ఆపి నిలబెట్టడమే ప్రాణాంతకం. ఆవిడ అతుకు ముట్టుకోగానే ఆపాలి, ఎంతసేపంటే ఆవిడ చాలనుకునేదాకా. తప్పితే వేలు ఆవిడ వీపు మీదే పడుతుంది. ఒక్కసారే తియ్యగలం అన్నాడు కోదండం.

ఐదుంబావుకి కెమెరా తిరిగింది. ఆవిడ నా అరచేతిలో పడి ఉంది. వేళ్ళు దిగుతున్నాయి. ఆవిడ పాకింది, అరిచింది, అతుకు చూసింది. చూపుడువేలితో దాని వెంట నడిచి కొసన కొక్కెం దగ్గర ఆగింది. "ఇది నా మనిషి అతికిన ముక్క," అంది, మెల్లిగా. వేళ్ళు ఆగాయి. అక్కడితో చాలించవచ్చు. ఆవిడ చాలించలేదు. ఇరవై రెండేళ్ళు దాచుకున్నదంతా అక్కడే దించేసింది. చెంప ఆనించింది, మొగుడితో మాట్లాడినట్టు ఆ ఇనుముతో ఏదేదో మాట్లాడింది. లోపల ఎల్లేశం అరచేతులు చీరుకుపోయి నెత్తురు నా లోపలంతా కారుతోంది. అతను వదల్లేదు గానీ వణికాడు. ఆ వణుకు నా వేలిలోకి వచ్చింది. బయట చూసేవాళ్ళకి బేతాళుడు తటపటాయిస్తున్నట్టే ఉంది. కోదండం కట్ చెప్పడం మరిచిపోయి ఏడుస్తూ కూర్చున్నాడు. పట్టాభి గారు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నా జన్మకి అది చాలనుకున్నాను.

ఆ సాయంత్రమే నన్ను లారీ ఎక్కించి ఈ యార్డుకి తోలారు. ఎండా వానా తిన్నాను. సినిమా ఎప్పుడు వస్తుందా, వనజాక్షి పేరు నలుగురి నోళ్ళలో ఎప్పుడు పడుతుందా అని చూస్తూ కూర్చున్నాను.

ఇవాళ మధ్యాహ్నం ఆవిడే వచ్చింది. వెంట ఎల్లేశం. ఆవిడ ముఖం చూస్తే నా గుండె గుభేలుమంది, నాకు గుండె లేకపోయినా. మూడు రోజుల కిందట సినిమా విడుదలైందట. సీను ఉందట. తీసెయ్యలేదు. ఆవిడ చెప్పిందంతా ఎల్లేశంతో చెప్పింది, నేను విన్నాను.

"అతుకు లేదండీ," అంది. "తెర మీద అరచెయ్యి అద్దంలా నున్నగా ఉంది. గ్రాఫిక్స్ వాళ్ళు అది చెయ్యి తయారుచేసినప్పుడు పొరపాటున పడ్డ గీత అనుకుని తుడిచేశారట. వేలు వణుకుతుంటే అదీ లోపమేనని సరిచేశారట. నేనేమో ఏమీ లేని చోట వేలు పెట్టుకుని ఏడుస్తున్నాను. నా వెనక సీట్లో ఎవరో, ఏం చూసి ఏడుస్తోందిరా ఈవిడ అన్నాడు. అందరూ నవ్వారు. తరవాత బేతాళులు దిగేసరికి ఈలలు."

"డైరెక్టర్ సార్ చూస్కోలేదామ్మా?"

"ఏడుగురు బేతాళులతో సరిపోయిందట ఆయనకి. ఫోనులో ఏడ్చాడు పాపం. పట్టాభి గారైతే అంత దగ్గరగా ఎవరు చూస్తారమ్మా అన్నారు."

ఎవరి మీద కోపం తెచ్చుకోను? తుడిచినవాడెవడో పనిమంతుడే. ఇనుము మీద మనిషి చెయ్యి పడ్డ గుర్తు కనిపించింది, తప్పనుకున్నాడు. మనుషులు యంత్రాలని ఎంత శ్రద్ధగా చేస్తారో, అందులో తాము కనబడకుండా ఉండడానికీ అంతే శ్రద్ధ పెడతారు. నాకిది ఎప్పటికీ అర్థం కాదు.

ఆవిడ చెప్పులు విప్పి నా అరచేతిలోకి ఎక్కింది. వాననీళ్ళూ, కుళ్ళిన ఆకులూ నిండి ఉన్నాయి. చేత్తో తోడిపోసింది. కొంగుతో తుప్పు రుద్దింది. చాలాసేపు రుద్దింది.

"ఉంది," అంది. "ఇక్కడే ఉందండీ. నేను పిచ్చిదాన్నేం కాదు."

"ఉంటదమ్మా. యాడికి పోతది?"

కొక్కెం మీద వేలు పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి తల ఎత్తకుండానే అడిగింది. "ఎల్లేశం గారూ, నిజం చెప్పండి. ఆ రోజు నేను బాగా చేశానా?"

ఎల్లేశం రెండు చేతులూ ఆవిడ ముందు చాపాడు. అరచేతులకి అడ్డంగా తెల్లటి మచ్చలు.

"నువ్వు బాగ చెయ్యకుంటే, గంతసేపు పట్టుకుంటుంటినామ్మా?"

ఆవిడ ఆ మచ్చల మీద వేలు పెట్టి, ఈ చివరినుంచి ఆ చివరిదాకా తడిమింది. అప్పుడు ఏడ్చింది. ఎవరూ నవ్వలేదు. యార్డు మనిషి గేటు మూస్తున్నాను రమ్మని కేక వేసేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. నాకు తీగలుంటే వేళ్ళు మూసి, వాళ్ళిద్దర్నీ ఇంకాసేపు లోపలే ఉంచుకునేదాన్ని.