కూత పెట్టని కుక్కరు

గూడ్సు బండి నడిపే మనిషి ఇంట్లో కుక్కరు కూత పెట్టకూడదు. తరాలుగా తెలుగువాళ్ళుండే బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఏ ఇల్లాలినడిగినా ఈ మాటే చెబుతుంది. రాత్రంతా ఇంజనులో నిలబడి సిగ్నళ్ళు చూసి చూసి కళ్ళు మండిపోతుంటే, తెల్లారాక ఇల్లు చేరి, రెండు ముద్దలు తిని పడుకుంటాడాయన. ఆయన పడుకున్నాడంటే ఇల్లంతా పడుకున్నట్టే. టీవీ నోరు మూసుకోవాలి. పిల్లలు గుసగుసగా చదువుకోవాలి. గిన్నె గిన్నెకి తగలకూడదు.

భానుప్రియ ఇరవై మూడేళ్ళు అలాగే కాపురం చేసింది. కూత వచ్చేముందు కుక్కరు చిన్నగా గుర్రుమంటుంది కదా, ఆ గుర్రు చెవిన పడితే చాలు, పెరట్లో ఉన్నా పరుగున వచ్చి, పటకారుతో వెయిట్ పైకెత్తి, ఆవిరంతా బుస్సుమని పోయేదాకా పట్టుకుని నిలబడేది.

మూడు నెలల కిందట ఆమె భర్త చిన్నారావు, ఎప్పట్లాగే పెట్టె పట్టుకుని డ్యూటీకి వెళ్ళాడు. బండి దిగి, అవతలి ఊళ్ళో డ్రైవర్లు నడుం వాల్చే రన్నింగ్ రూములో పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. గుండె ఆగిపోయిందన్నారు. ఇంటికి తెచ్చారు, కాసేపు ఉంచారు, అర్పా నది ఒడ్డుకి తీసుకుపోయారు. అంతా చకచకా అయిపోయింది. కూతురు తనూజ ఏడవలేదు. వెనక క్వార్టర్ అసిరమ్మ మామ్మ, "ఆ గుంటని ఏడిపించండర్రా, నేకపోతే లోపల గడ్డకట్టుకుపోతాది" అని మొత్తుకుంది. అందరూ ప్రయత్నం చేశారు. తనూజ కళ్ళు ఎండిపోయిన కుళాయిల్లా ఉండిపోయాయి.

ఆ తర్వాత కూడా ఆ ఇంట్లో కుక్కరు కూత పెట్టలేదు. పడకగది తలుపు పగలు మూసే ఉంటోంది. దాని ముందు తల్లీ కూతుళ్ళిద్దరూ మునివేళ్ళ మీదే నడుస్తున్నారు. ఎందుకని ఒకర్నొకరు అడగలేదు.

శనివారం పొద్దున్న చిన్నాన్న త్రినాథరావు స్కూటర్ తెచ్చి గుమ్మంలో ఆపాడు. ఆయన చిన్నారావు తమ్ముడు, వ్యాగన్లు బాగుచేసే చోట పని. మనసు మంచిది, గొంతు పెద్దది.

"అమ్మీ, బేగి రా! కోని అంటే పక్కీధి అనుకున్నావా?"

కోనిలోని యూనివర్సిటీలో ఆ రోజు తనూజకి ఇంటర్వ్యూ. ముంబై నుంచి ఒక పెట్టుబడుల కంపెనీ వాళ్ళు వచ్చారు, డిగ్రీ అయిన పిల్లల్ని ట్రైనీలుగా తీసుకోవడానికి. రాత పరీక్ష ఆన్‌లైన్లో ఎప్పుడో అయిపోయింది, నాన్న ఉండగానే. తనూజ పాసయింది. భానుప్రియ కూతురి చున్నీ ఇస్త్రీ చేసి చేతికిచ్చింది. "తినీసి ఎల్లు" అంది.

దారిలో త్రినాథరావు ఊరుకుంటాడా?

"ఇంతకీ ఏటి ఉజ్జోగమే అది?"

"జనం డబ్బులిస్తారు చిన్నాన్నా. కంపెనీ వాటిని షేర్లలో, బాండ్లలో పెడుతుంది. మేం లెక్కలు చూడాలి, డబ్బిచ్చినవాళ్ళు ఫోన్ చేస్తే మాట్లాడాలి."

"అంటే సిట్టీల ఎవ్వారం."

"అరె, చిట్టీలు కాదు!"

"ఊళ్ళోవోళ్ళ డబ్బు తీసుకుంతారు. పెరిగితే మా తెలివి అంతారు, తగ్గితే నీ ఖర్మ అంతారు. సిట్టీ కాపోతే మరేటది?"

తనూజకి నవ్వు రావాల్సిన చోటే అది. నాన్న ఉంటే ఆ మాట వారం రోజులు చెప్పుకుని నవ్వేవాడు. నవ్వు ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయిందో కూడా ఆ పిల్లకి తెలియలేదు.

"సూడమ్మీ" అన్నాడు త్రినాథరావు గొంతు తగ్గించి. ఆయన తగ్గించిన గొంతు పక్క ఆటోవాడికి కూడా వినపడింది. "అన్నయ్య డ్యూటీలో ఉండగా పోనాడు. ఇంట్లోన ఒకలికి రైలు ఉజ్జోగం ఇస్తారు. అదే గుమ్మంలోకొచ్చి తలుపు కొడతన్నాది. ఎవలికివ్వాలో సోమారం ఆఫీసులో పేరు సెప్పాల. నీ పేరు సెప్పెస్తాను. క్వార్టరు పోదు, అమ్మ కాడే ఉంతావు. ముంబై ఎందుకు నీకు?"

"అమ్మేమంది?"

"వదినేటంటాది? అడగనేదు."

నిజం చెప్పాలంటే ముంబై మీద తనూజకి మోజేమీ లేదు. దేనిమీదా ఏమీ అనిపించడం లేదు. ఒక్క సంగతి మాత్రం తెలుసు. ఆ మూసిన తలుపు ముందు మునివేళ్ళ మీద నడుస్తూ ఇంకో ఏడాది గడిపితే, తను కూడా ఆ గదిలో సామానులాగా అయిపోతుంది. ఈ ఉద్యోగం వస్తే బయటపడుతుంది. రాకపోతే సోమవారం చిన్నాన్న తన పేరు చెప్పేస్తాడు. అంతే.

ఇంటర్వ్యూ గదిలో ఇద్దరున్నారు. ఒకాయన పేరు రోహన్, ముప్పై దాటి ఉండడు, పెట్టుబడుల పని చూసేది ఆయనే. పక్కన సౌమ్య మేడమ్, ఉద్యోగాల్లోకి మనుషుల్ని తీసుకునే పని ఆవిడది. హైదరాబాదు మనిషి.

రోహన్ చాలా అడిగాడు. బాండు అంటే ఏమిటి, వడ్డీ రేట్లు పెరిగితే పాత బాండు ధర ఎందుకు పడుతుంది, అంతా ఒకే కంపెనీలో ఎందుకు పెట్టకూడదు. తనూజ చెప్పింది. తెలియనివి రెండుంటే తెలియదని చెప్పింది. బయట కూర్చున్నవాళ్ళకి చెమటలు పడుతుంటే తనకి గుండె కూడా గట్టిగా కొట్టుకోలేదు.

"సరే, ఒకటి ఊహించుకో" అన్నాడు రోహన్ హిందీలో. "రిటైరైన పెద్దాయన. దాచుకున్నదంతా మన దగ్గర పెట్టాడు. మార్కెట్ పడింది, ఐదో వంతు పోయింది. నీకు ఫోన్ చేసి అరుస్తున్నాడు. ఏం చెబుతావు?"



"ముందు ఏం చెప్పను సార్. అరవనిస్తాను. అంతా సర్దుకుంటుంది అని మాత్రం అనను. అది వింటే ఇంకా కోపం వస్తుంది. ఎంత పోయిందో ఉన్నదున్నట్టు చెబుతాను. ఆయన పెట్టేదాకా ఫోన్ పెట్టను."

"నీకు భయం వెయ్యదా?"

"లేదు సార్."

రోహన్ పక్కకి చూసి, "చాలా స్థిరంగా ఉంది ఈ అమ్మాయి" అన్నాడు మెచ్చుకోలుగా. స్థిరం కాదు సార్, లోపలేమీ లేదు అని తనూజ అనుకుంది. ఖాళీ గదిలో దీపం రెపరెపలాడదు మరి. ఆ మాట పైకి అనలేదు.

"కానీ ఎందుకమ్మా అంత మెల్లగా మాట్లాడుతున్నావు?" సౌమ్య మేడమ్ తెలుగులోకి దిగింది. "ముందుకి వంగి వినాల్సి వస్తోంది."

"అలవాటు మేడమ్. మా నాన్న లోకో పైలట్. రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటారు. ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడం."

"అయ్యో, పాపం! ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారా?"

"లేదు మేడమ్. డ్యూటీలో ఉన్నారు."

చెప్పేసింది. అబద్ధం ఆడాలని కాదు. పుట్టిన దగ్గర్నుంచీ ఎవరు ఫోన్ చేసినా, ఎవరు తలుపు తట్టినా, ఆ ఇంట్లో వాళ్ళు చెప్పే జవాబు అదే. ఎవరో అడిగారు, నోరు చెప్పింది. తనూజ అలా కూర్చుని ఆ మాటని బల్ల మీద పడిన వస్తువులాగా చూసింది. తీసేద్దామనుకుంది. చెయ్యి రాలేదు.

"ఎందుకడిగానంటే" అంది సౌమ్య, "పోయినసారి ఇలాగే తీసుకున్నాం. ఇద్దరమ్మాయిలని ఇంట్లోవాళ్ళు పంపలేదు. అందుకని లెటర్ ఇచ్చేముందు నేను ఇంటికి ఫోన్ చేసి మాట్లాడతాను. సాయంత్రం చేస్తే నాన్నగారు ఉంటారా?"

"తెలీదు మేడమ్" అంది తనూజ. "గూడ్సు కదా. ఎప్పుడొస్తారో చెప్పలేం."

సౌమ్య నవ్వి అమ్మ నంబరు రాసుకుంది.

తిరిగొస్తుంటే త్రినాథరావు వెనక్కి తిరిగి, "ఏటడిగినారు?" అన్నాడు.

"ఎందుకు మెల్లగా మాట్లాడతావని."

"అదేటి? అరిసేవోళ్ళు కావాలంటే నన్ను తీసుకోమను. సిట్టీలు కూడా ఏసుకుంతాను."

సాయంత్రం వంటింటి గడప మీద త్రినాథరావు టీ తాగుతున్నాడు. భానుప్రియ పప్పు కుక్కర్లో పెట్టి పొయ్యి వెలిగించింది. తనూజ గోడకానుకుని కూర్చుంది. వచ్చిన దగ్గర్నుంచీ ఆ మాట అమ్మకి చెప్పాలనుకుంటోంది. నాన్న డ్యూటీలో ఉన్నారని చెప్పానమ్మా. చెబితే అమ్మ ఏమవుతుందో తెలియదు. చెప్పలేదు.

ఫోన్ మోగింది. భానుప్రియే తీసింది. స్పీకర్ నొక్కి మాట్లాడటం ఆవిడకి అలవాటు, చేతికి పిండి ఉన్నా మాట్లాడొచ్చని.

"నమస్తే అండి, తనూజ వాళ్ళ అమ్మగారేనా? కంపెనీ నుంచి సౌమ్యని. వాళ్ళ నాన్నగారితో ఒక్కసారి మాట్లాడొచ్చా?"

"ఆయన డ్యూటీకెళ్ళారమ్మా" అంది భానుప్రియ.

త్రినాథరావు చేతిలో టీ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. భానుప్రియ తను ఏమందో అప్పుడు విన్నది. ఆమె మొహంలో ఏమీ మారలేదు. ఫోన్ పట్టుకున్న చెయ్యి మాత్రం మెల్లగా కిందికి దిగింది.

తనూజ లేచింది. ఫోన్ తీసుకుంది.

"మేడమ్, నేను తనూజని. మా నాన్న లేరు." ఆ మాట గట్టిగా వచ్చింది. తన గొంతేనా అన్నంత గట్టిగా. "మూడు నెలలైంది చనిపోయి. పొద్దున్న మీకు డ్యూటీలో ఉన్నారని చెప్పాను. ఎందుకు చెప్పానో తెలీదు. ఇప్పుడు మా అమ్మ కూడా... మోసం చెయ్యాలని కాదు మేడమ్. మాకు ఇంకా అలవాటు కాలేదు."



"ఇది నేను రోహన్ గారితో చెప్పాలమ్మా" అంది సౌమ్య. "చెబుతాను. నువ్వు చెప్పినట్టే చెబుతాను. ఆయనకి నువ్వు నచ్చావు. ఇది విని మనసు మార్చుకునే మనిషి కాదు. సోమవారం మెయిల్ చూసుకో. కానీ ఇంట్లోవాళ్ళ మాట నాకు కావాలి. అమ్మకి ఇస్తావా?"

భానుప్రియ ఫోన్ ముట్టుకోలేదు. వంగి దాని దగ్గరగా మాట్లాడింది.

"సెప్పమ్మా."

"మీరు పంపిస్తారా అండీ? మీరొక్కరూ ఉండాలి కదా."

త్రినాథరావు గ్లాసు కింద పెట్టి, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. రైలు ఉద్యోగం, క్వార్టరు, సోమవారం, అన్నీ ఆ చేతిలోనే ఉన్నాయి. భానుప్రియ ఆ చేతిని చూసింది. కూతుర్ని చూసింది.

"పంపుతాను" అంది.

ఫోన్ పెట్టీ పెట్టగానే త్రినాథరావు లేచాడు.

"వదినా, నీకేటైనా మతుండే అన్నావా? రైలు ఉజ్జోగం వొదిలీసుకుంతామేటి? క్వార్టరు కాళీ సెయ్యమంటే ఎక్కడికెల్తావు?"

"వొదిలీమని ఎవులన్నారు? నా పేరు సెప్పు."

"నీ పేరా?"

"టెన్తు పాసయినాను. ఈ ఊరి రైలు స్కూల్లోనే. నువ్వు ఫెయిలైన ఏడే."

"అది కాదొదినా. ఈ వయసులోన డ్యూటీ అంటే ఆటలేటి? తెల్లారగట్ల లెగాల..."

"ఇరవై మూడేళ్ళు మీ అన్నయ్యని డ్యూటీకి లేపింది ఎవులు మరిదీ? ఒక్క నాడు లేటవనిచ్చినానా?" భానుప్రియ గొంతు పెరగలేదు. "ఇప్పుడు నేను లెగుస్తాను."

త్రినాథరావు నోరు తెరిచాడు. ఏమనబోయాడో ఎవరికీ తెలియలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే కుక్కరు కూత పెట్టింది.

గుర్రు ఎవరూ వినలేదు. ఒక్కసారిగా, ఇల్లదిరేలా, గేటు దగ్గర ఇంజను కూసినట్టే కూసింది. ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. ముగ్గురూ పడకగది తలుపు వైపే చూశారు.

తలుపు తెరుచుకోలేదు. ఎవరూ లుంగీ సర్దుకుంటూ బయటికి వచ్చి, ఏటర్రా ఇది, మనిషిని పడుకోనివ్వరా అనలేదు.

తనూజ ముందుగా చూపు తిప్పుకుంది. అమ్మ పటకారు కోసం వెళ్తుందనుకుంది. భానుప్రియ ఉన్నచోటే నిలబడింది.

రెండో కూత వచ్చింది.

వెనక క్వార్టర్ నుంచి అసిరమ్మ మామ్మ కేకేసింది. "ఒసే భానూ! మీ కుక్కరు కూస్తన్నాదే! ఇంట్లోన ఎవులూ నేరేటి?"

"ఇన్నానత్తా" అంది భానుప్రియ, గట్టిగానే. "కూయనీ."

తనూజకి ఏడుపు రాలేదు. సంతోషం కూడా వేయలేదు. వెళ్ళి పడకగది తలుపు తీసింది. లోపల మంచం, దాని మీద మడతపెట్టిన దుప్పటి, వెలుగు రాకుండా కిటికీకి కట్టిన నల్ల కర్టెను. కర్టెను పక్కకి లాగింది. మూడో కూతకి వెనక్కి తిరిగి చూడలేదు.