బూరి ఎక్కిన చెయ్యి

బడి నుంచి వచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ గ్లోరీ కిటికీలోంచి లోపలికి చూసింది. కుట్టుమిషను ముందు అత్త కూర్చుని ఉంది. కుడి చేత్తో జాకెట్టు కాజాలు సరిచూసుకుంటోంది. ఎడమ చేతిలో బూరి ఉంది. ఊరికే ఉండడం కాదు. ముడుచుకుని, చెవులు వాల్చి, హాయిగా నిద్రపోతోంది.

గ్లోరీకి ఒళ్ళు భగ్గుమంది.

బూరి గ్లోరీది. పదో పుట్టినరోజుకి నాన్న సంజయ్ విశాఖపట్నంలో కొని, శ్రీకాకుళం దాకా బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన హ్యామ్‌స్టర్ అది. ఉందా లేదా అన్నంత తోక, ఆవగింజల్లాంటి కళ్ళు, అప్పుడే నూనెలోంచి తీసిన బూరిలా గుండ్రటి ఒళ్ళు, అదే రంగు. అందుకే ఆ పేరు. పంజరంలో రంపపు పొట్టు మార్చేది గ్లోరీ. సీసాలో నీళ్ళు పోసేది గ్లోరీ. అది ఎక్కి పరిగెత్తే చక్రం కిర్రుమంటే కొబ్బరినూనె చుక్క వేసింది కూడా గ్లోరీయే. మరి నిద్ర మాత్రం అత్త చేతిలోనా?

అసలు ఆ పంజరం ఇంటికి వచ్చినరోజు అత్త ఎంత గొడవ చేసిందని! సంజయ్‌కి అక్క జ్ఞానసుందరి. పెళ్ళయిన ఏడాదికే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. గ్లోరీ వాళ్ళమ్మ నర్సు. ఆవిడ డ్యూటీలకి వెళ్తే గ్లోరీని ఉయ్యాల్లో ఊపింది, బడికి జడలేసింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది అంతా అత్తే.

"ఓలమ్మా, ఇదేట్రా సంజయ్! ఊరందరూ ఎలకల్ని బోనెట్టి పట్టి బయట పారేస్తంటే, నువ్వు బోనుతో సహా ఇంటికి తెస్తావేటి?" అంది అత్త ఆ రోజు.

"ఎలక కాదప్పా. హ్యామ్‌స్టర్," అన్నాడు సంజయ్ అక్కతో.

"ఇంగిలీసు పేరెట్టినంతమాత్రాన ఎలక కాకండా పోతాదేటి? నా కాడికి మాత్రం తేకు. గుడ్డలన్నీ కొరికేస్తాది."

తేకుండా కుదరలేదు. పెరటివైపు పిల్లి తిరుగుతుంది. అమ్మ వంటగదిలోకి వద్దంది. ముందుగదిలో, ఫ్యాను కింద, కుట్టుమిషను పక్క బల్లే మిగిలింది.

కొట్టతను చెప్పిన జాగ్రత్తలన్నీ సంజయ్ కూతురికి అప్పగించాడు. మొదటి వారం చేత్తో ఎత్తకూడదు. అది కంటితో కన్నా ముక్కుతోనే మనిషిని గుర్తుపడుతుంది. నువ్వు వాడిన గుడ్డముక్క ఒకటి లోపల పెడితే నీ వాసనకి అలవాటు పడుతుంది.

వాడిన గుడ్డా? కొత్తగా ఇంటికొచ్చిన వాళ్ళకి మాసిన గుడ్డ ఇస్తారా ఎవరైనా? గ్లోరీ తన చేతిరుమాళ్ళలో మంచిది ఏరి, ఉతికి, ఇస్త్రీ చేసి, పౌడరు కూడా చల్లి లోపల పరిచింది. పంజరం దగ్గరికి వెళ్ళే ముందు ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కునేది. ఆదివారం చర్చికి వెళ్ళొచ్చాక అయితే అమ్మ సెంటు రాసుకుని మరీ వెళ్ళేది. బూరి ఆ రుమాలును ఒక మూలకి తోసేసింది. గ్లోరీ చెయ్యి పెడితే పొట్టులోకి దూరిపోయేది. ఒకసారి వేలు కొరికింది. రక్తం వచ్చేంత కాదు, ఏడుపు వచ్చేంత.

అత్త ఇవేవీ పట్టించుకోలేదు. చీకటి పడితే దోమలని చెప్పి తన పాత నేతచీర ముక్కని పంజరం మీద కప్పేది, అంతే. దాన్ని బూరి ఊచల సందుల్లోంచి కొంచెం కొంచెం లాక్కుని, నమిలి, మెత్తని గూడు కట్టుకుంది. పొద్దంతా అత్త ఒకేచోట కూర్చుంటుంది. ఒకే మిషను చప్పుడు. మిషను నూనె, చెమట కలిసిన ఒకే వాసన. వంటకి ఏరుతున్న చోళ్ళలోంచి నాలుగు రాగి గింజలు, గుమ్మడికాయ కోస్తే ఎండబెట్టిన గింజ ఒకటి పంజరంలోకి విదిలించేది. ఒకరోజు గింజ వేయబోతే బూరి గింజతోపాటు అరచేతిలోకి ఎక్కేసింది. దించబోతే దిగలేదు.

ఇదీ జరిగింది. గ్లోరీకి మాత్రం ఇలా కనబడలేదు. అత్త తన బూరిని దొంగిలించిందని కనబడింది.

శనివారం నాడు తరగతిలో పక్కన కూర్చునే సుహాసిని బూరిని చూడటానికి వచ్చింది. వారం నుంచీ గ్లోరీ బడిలో గొప్పలు చెబుతోంది మరి.

"నా సేతిలో కూకుంటాది, సూడు," అని పంజరం తలుపు తీసి చెయ్యి పెట్టింది. బూరి ముక్కు ఒకసారి ఆడించి చక్రం వెనక్కి పోయింది.

"సిగ్గేమో," అంది సుహాసిని.

"నిద్రొస్తన్నాది దానికి."

అప్పుడే వంటగదిలోంచి అత్త గొంతు వినబడింది, "ఒసే గుంటల్లారా, అటుకులు తింతారేటి?" అని. ఆ గొంతు వినీ వినగానే బూరి చక్రం వెనకనుంచి దూసుకొచ్చి, ఊచలు పట్టుకుని రెండుకాళ్ళ మీద నిలబడింది. అత్త అటుకుల గిన్నెతో వచ్చేదాకా అలాగే నిలబడింది.

సుహాసిని దాన్నీ అత్తనీ మార్చి మార్చి చూసింది. "ఇది మీ అత్తదేటి?"

"నాది."

"మరి నీ కాడికి రాదేం?"

గ్లోరీ ఆ అటుకులు తినలేదు.

సుహాసిని వెళ్ళిపోయాక కూడా ఆ మాట చెవిలో పురుగులా తిరుగుతూనే ఉంది. సాయంత్రం లెక్కలు చేసుకుంటోంది గ్లోరీ. అత్త మిషను ఆపి, బూరిని చేతిలోకి తీసుకుని, దాని వీపు మీద బొటనవేలితో నిమురుతూ, "ఏటే నా బంగారమా, ఆకలేస్తన్నాదా?" అంది.

గ్లోరీ పెన్సిలు ఆగిపోయింది. బంగారం. ఆ ఇంట్లో ఆ మాట ఇప్పటిదాకా ఒక్కరిదే. పొద్దున్నే దుప్పటి లాగుతూ, జడలో చిక్కు తీస్తూ, అన్నం ముద్ద నోట్లో పెడుతూ అత్త పిలిచే మాట. బూరి అత్త దగ్గరికి పోవడం ఒక ఎత్తు. అత్త బూరి దగ్గరికి పోవడం ఇంకో ఎత్తు. ఇప్పుడు గ్లోరీకి ఎవరి మీద కోపమో గ్లోరీకే తెలియలేదు. చర్చి మెట్ల మీద ఎవరో పెద్దవాళ్ళు అనుకుంటుండగా ఎప్పుడో చెవినపడిన మాట ఒకటి నాలుక మీదికి వచ్చి కూర్చుంది. దాన్ని అలాగే వదిలేసింది.

"నీకు పిల్లల్లేరని నా దాన్ని లాక్కుంతావేటి?"

మిషను మీద ఫ్యాను గాలికి ఒక గుడ్డముక్క లేచి కింద పడింది. అత్త దాన్ని తీయలేదు. బూరిని జాగ్రత్తగా పంజరంలో దించింది. గొళ్ళెం పెట్టింది. అది సరిగ్గా పడిందో లేదో లాగి చూసింది.

"అలగే," అంది.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో అత్త వంతు వచ్చినప్పుడు గ్లోరీ ఒక కన్ను తెరిచి చూసింది. అత్త ఎప్పటిలాగే ఇంట్లో అందరినీ పేరుపేరునా దేవుడికి అప్పజెప్పింది. "గ్లోరీకి మంచి బుద్ధీ, ఆరోగ్యమూ ఇయ్యి తండ్రీ," అన్నచోట గొంతు ఎక్కడా మారలేదు. మారి ఉంటే బాగుండుననిపించింది గ్లోరీకి.

మర్నాటికి కుట్టుమిషను ఇంటి వెనక వరండాలోకి పోయింది.

"అప్పా, అక్కడ ఫ్యానూ లేదు, ఏటీ లేదు. ఉక్కతో సస్తావు," అన్నాడు సంజయ్.

"ఎలుతురు బాగున్నాదిరా. సూదిలో దారం ఎక్కడం లేదు నాకు."

గ్లోరీ తలొంచుకుని ఇడ్లీ తింది. తినడం అయ్యాక పంజరంలోంచి ఆ పాతచీర గూడునంతా పీకి, చెత్తబుట్టలో పారేసి, ఇంకో ఇస్త్రీ రుమాలు పరిచింది. ఇక బూరి తనదే.

బూరి ఆ సంగతి ఒప్పుకోలేదు. రోజంతా మూల కూర్చుని రుమాలును కాళ్ళతో తోస్తూ ఉండేది. సాయంత్రం చక్రం ఎక్కేది కాదు. పెట్టిన గింజలు బుగ్గల్లో కుక్కుకుని పొట్టులో దాచుకునేది తప్ప గ్లోరీ ముందు తినేది కాదు. వరండాలో మిషను తిరిగిన చప్పుడైతే మాత్రం చెవులు నిక్కబొడిచేది. గ్లోరీ పంజరం ముందు కూర్చుని, "అటు కాదు, ఇటు సూడు," అని బతిమాలేది. తిట్టేది. మళ్ళీ బతిమాలేది.

ఒక సాయంత్రం బడినుంచి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా, లోపలిగది తెర వెనక చాప మీద వాలింది. ముందుగదిలో చెప్పుల చప్పుడైంది. అత్త కత్తెర కోసం వచ్చినట్టుంది. తెర సందులోంచి గ్లోరీకి పంజరం కనబడుతోంది. బూరి అప్పుడే పరిగెత్తుకొచ్చి ఊచలకి అతుక్కుని నిలబడింది.

గ్లోరీ తెర అంచు పట్టుకుంది. ఇప్పుడు తీస్తుంది, చూడు. నేను లేననుకుని తీస్తుంది. పట్టుకుంటాను.

అత్త అటూ ఇటూ చూసింది. రొంటిన దోపుకున్న చిన్న డబ్బీ తీసింది. మోకాళ్ళ నొప్పికి రాసుకునే ఘాటు మందు. వేలితో ఇంత తీసుకుని రెండు అరచేతులకీ బాగా పట్టించింది. పట్టించి, ఆ చెయ్యి ఊచలకి కొంచెం దూరంలో పెట్టింది. బూరి ముక్కు ఆడించింది. తల విదిలించుకుని, ముందుకాళ్ళతో మొహం తుడుచుకుంటూ వెనక్కి వెనక్కి పోయి మూల చేరింది.

"అద్దీ," అంది అత్త మెల్లగా. "నా కాడికి రాకు. ఆ గుంట కాడికెల్లు. నీ కోసరం అది అన్నం సరిగ్గా తింతం లేదు."

తన అరచేతులు తనే వాసన చూసుకుని మొహం చిట్లించింది. కత్తెర తీసుకుని వెళ్ళిపోయింది.

గ్లోరీ చాలాసేపు లేవలేదు. తర్వాత లేచి పంజరం ముందుకి వచ్చింది. చేతులు కడుక్కోవాలన్న ధ్యాస లేదు, పౌడరు ధ్యాస లేదు. తలుపు తీసి పొట్టు మీద చెయ్యి వెల్లకిలా పెట్టి, తల బల్ల అంచుకి ఆనించి కూర్చుంది. పిలవలేదు. బతిమాలలేదు. అత్త రోజూ అలా వచ్చి అలా చేతులకి మందు పూసుకుంటోందా? ఎన్నాళ్ళనుంచి?

వేలి కొస మీద తడిగా ఏదో తగిలింది. ముక్కు. గోళ్ళ సందున చాక్‌పీసు పొడి, పొద్దుటి చింతకాయ పచ్చడి, రోజంతటి చెమట, అన్నీ ఒక్కొక్కటిగా వాసన చూసింది బూరి. ముందుకాలు ఒకటి అరచేతిలో పెట్టి ఆగింది. ఇంకోటి పెట్టింది. తర్వాత మొత్తం ఒళ్ళంతా వచ్చేసింది. వెచ్చగా, అనుకున్నదానికన్నా తేలిగ్గా ఉంది. గుండె ఎంత గబగబా కొట్టుకుంటోందో చేతికి తెలుస్తోంది.

"అత్తా!" అని కేక పెట్టబోయి గ్లోరీ ఆగిపోయింది. సైకిలు వచ్చినప్పుడు, పన్ను ఊడినప్పుడు, పాటల పోటీలో గెలిచినప్పుడు, ఎప్పుడైనా మొదటి కేక అదే. ఇప్పుడూ అదే వచ్చింది.

రెండు చేతులూ దోసిలి పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ వరండాలోకి నడిచింది. అత్త జాకెట్టు వీపంతా చెమటకి తడిసిపోయి ఉంది.

"అత్తా, సెయ్యి కడుక్కో."

అత్త తిరిగి చూసి మిషను చక్రం పట్టి ఆపేసింది. "ఓలమ్మా! ఎక్కినాదా! నీ సేతికే! సూసినావా, అదే వస్తాదని..."

"ముందు సెయ్యి కడుక్కో. కంపు కొడతన్నాది."

"మోకాళ్ళ నొప్పికి రాసుకున్నానే."

"మోకాళ్ళు సేతుల్లో ఉన్నాయేటి నీకు?"

 అత్త మూతి ఒక పక్కకి వంకర తిరిగి నవ్వు బయటపడింది. "దొంగ గుంటా. సూసినావేటి?"

గ్లోరీ నవ్వలేదు. "అత్తా, ఆ రోజు నాను..."

"ఏ రోజు? నాకు గురుతు లేదు."

"ఉన్నాది నీకు."

"ఉన్నా ఒగ్గీసినాను. నువ్వూ మనసులో ఎట్టుకోకండా ఒగ్గీ." అత్త లేచి కుళాయి దగ్గరికి వెళ్ళింది. సబ్బుతో కడిగి, చేతులు చాపి గ్లోరీ ముక్కు దగ్గర పెట్టింది. 

"ఇంకోసారి," అంది గ్లోరీ.

మళ్ళీ కడుక్కుంది. ఈసారి గ్లోరీ తలూపి దోసిలి ముందుకి చాపింది.

"వద్దులేవే. నీ కాడ బాగున్నాది," అంది అత్త, చేతులు వెనక్కి తీసుకుంటూ.

"పట్టుకో. కాసేపే. బంగారం అనకూడదు మరి."

"మరేటనాలి?"

"బూరి అను. బంగారం నాను."

అత్త పకపకా నవ్వి వరండా మెట్టు మీద కూలబడింది. గ్లోరీ పక్కన కూర్చుని, దోసిలిని అత్త ఎడమచేతికి ఆనించింది. బూరి కొంచెం తటపటాయించింది. సబ్బు వాసనో, దాని కిందినుంచి వచ్చే పాత వాసనో, ఏది పోల్చుకుందో గాని, గబగబా ఆ చేతిలోకి పోయి ముడుచుకుంది. వెనక్కి తిరిగైనా చూడలేదు.

చిన్నగా, మళ్ళీ, అదే కుళ్ళు. అంత తొందరగా పోతుందా ఎక్కడైనా? గ్లోరీ బూరి వీపు మీద ఒక వేలు వేసి ఉంచింది. అత్త కుడిచెయ్యి ఖాళీగా ఉంది. ఆ తడిచేతిని తీసుకుని గ్లోరీ తన తల మీద పెట్టుకుంది.